తప్పు అమ్మీ చెవులది కాదు

"ఈ మనిషి నోరు మూసేశాక మాట వస్తోందిరా బాబూ."

మూడు నెలల కిందట ఒక రాత్రి, ఇషా నమాజు అయిపోయి, దస్తర్‌ఖాన్ ఎత్తేశాక మా అమ్మీ టీవీ ముందు కూర్చుని అన్న మాట ఇది. నేను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. మా ఇంటావిడ "నెట్ స్లో ఉందేమో అమ్మీ" అంది. మా పెద్దమ్మాయి "దాదీ, అది డబ్బింగ్" అంది. ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. ముగ్గురిలో ఒక్కరమూ స్క్రీన్ వైపు చూడలేదు.

అప్పటికి ఆ సౌండ్‌బార్ వచ్చి వారం. జెద్దాలో ఉన్న మా తమ్ముడు డబ్బు పంపించి, "అమ్మీకి సరిగ్గా వినబడట్లేదు కదా భాయీజాన్, మంచిది తీసుకో" అన్నాడు. శ్రీకాకుళం టౌన్‌లో కొన్నాను. షాపు నుంచి వచ్చిన కుర్రాడు పావుగంటలో బిగించేశాడు. టీవీ గోడకి అతుక్కుని ఉంది. వెనకాల వైరు పెట్టాలంటే టీవీని దింపాలి, ఇద్దరు మనుషులు కావాలి. అందుకని బ్లూటూత్‌తో కలిపేసి, ఒక సినిమా పాట పెట్టి, ఇల్లు అదిరేలా మోగించి, రిమోట్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మేమంతా మాషా అల్లా అనుకున్నాం.

అమ్మీ సంగతి కొంచెం చెప్పాలి. అరసవల్లిలో మా ఇంటి వరండాలో ఆమె ముప్ఫై ఏళ్ళ పాటు పిల్లలకి నాజ్‌రా చదివించింది. చదివించడమంటే పక్కన కూర్చుని వినడం కాదు. ఎదురుగా కూర్చుని నోరు చూడటం. ఏ హర్ఫ్ నోట్లో ఎక్కడ పుడుతుందో దాని మఖ్రజ్ అక్కడే పుట్టాలి. బే, మీమ్ అంటే పెదవులు కలవాలి. వావ్‌కి పెదవులు గుండ్రంగా ముందుకి రావాలి. ఫే అంటే పై పళ్ళు కింది పెదవి లోపలి అంచుని తాకాలి. తాకకపోతే ఆవాజ్ ఎంత బాగున్నా "మళ్ళీ చెప్పు" అనేది. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు, ప-వర్గం మొత్తం ఓష్ఠ్యాలు అని మా తెలుగు మాస్టారు చెప్పినప్పుడు కొత్తగా ఏమీ అనిపించలేదు. అది మా వరండాలో అయిపోయిన సబఖే.

అలాంటి మనిషికి పదేళ్ళుగా వినికిడి తగ్గుతోంది. వయసుతో వచ్చే చెవుడు చిత్రంగా ఉంటుంది. ముందు సన్నని శబ్దాలు పోతాయి. స, ష, ఫ, త, క లాంటివి. అచ్చులు, మోటు శబ్దాలు చాలాకాలం మిగులుతాయి. అందుకే ఆ వయసు వాళ్ళు "వినబడుతోంది కానీ ఏమంటున్నారో తెలియట్లేదు" అంటారు. మనం అది విని వాల్యూమ్ పెంచుతాం. పెంచితే మోటు శబ్దం ఇంకా మోటుగా అవుతుంది, పోయిన హల్లు తిరిగి రాదు. ఆ హల్లుని వాళ్ళు ఎదుటి మనిషి పెదవుల మీంచి తీసుకుంటారు. తాము పెదవులు చదువుతున్నామని వాళ్ళకే తెలియదు. మా అమ్మీకైతే అది ముప్ఫై ఏళ్ళ పని.

సౌండ్‌బార్ వచ్చిన నెల లోపే అమ్మీ టీవీ గదిలోకి రావడం తగ్గించింది. ముందు న్యూస్ మానేసింది. తర్వాత మా ఇంటావిడతో కలిసి చూసే ఉర్దూ డ్రామా కూడా వదిలేసి, ఇషా కాగానే తస్బీహ్ తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోయేది. పిలిస్తే "మీరు చూసుకోండి, నాకు తలనొప్పి" అనేది. ఇబాదత్ మీద మనసు పడిందనుకున్నాం. ఇంత హాయిగా ఒక మనిషి ఇంట్లోంచి మాయమైతే కూడా దానికి మంచి పేరు పెట్టుకున్నాం, చూడండి.

తర్వాత నాకు భయం పట్టుకుంది. చెవి మరీ పాడైపోయిందేమోనని విశాఖపట్నం తీసుకెళ్ళాను. పాత మిషన్ బదులు కొత్త మిషన్ పెట్టించాలని, అప్పు చేసైనా సరేనని నియ్యత్ చేసుకునే వెళ్ళాను. పరీక్ష చేశారు. పోయినేడాది కాగితం, ఈ ఏడాది కాగితం పక్కపక్కన పెట్టారు. గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఫర్క్ లేదు. డాక్టరు గారు అడిగిన ప్రశ్న ఒకటే: "ఈ మధ్య ఇంట్లో ఏం మారింది?"

బస్సులో రెండున్నర గంటలు అదే ఆలోచన. ఇంట్లో ఏం మారింది? డబ్బా మారింది.

ఇంతకీ నేను ఈ పోస్టులో చెప్పాలనుకున్నది ఇదే. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "మాటా నోరూ కలవట్లేదు" అంటే, "టీవీ చూస్తే తలనొప్పిగా ఉంది" అంటే, ముందు ఇల్జామ్ వాళ్ళ చెవుల మీద వేయకండి. ముందు మిషన్‌ని అనుమానించండి. చాలాసార్లు అది పైసా ఖర్చు లేకుండా సరిచేసుకునే చిన్న సెట్టింగ్. మనం చేసేది దానికి సరిగ్గా ఉల్టా. మిషన్‌ని నమ్మి మనిషిని అనుమానిస్తాం. (టీవీ అసలు ఇంట్లో ఉండాలా వద్దా అనే బహస్ ఇక్కడ పెట్టదలచుకోలేదు. ఉన్న ఇళ్ళ గురించే రాస్తున్నాను.)

ఇక అసలు ఈ మాట ఎందుకు వెనకబడుతుంది?

మా చిన్నప్పటి డబ్బా టీవీకి ఈ జబ్బు లేదు. పైన యాంటెన్నా తిప్పితే బొమ్మ, ఆవాజ్ కలిసి వచ్చేవి, లేదా కలిసి పోయేవి. మధ్యలో ఆలోచించే వాడు ఎవడూ లేడు. ఇప్పటి టీవీ ఆలోచిస్తుంది. వచ్చిన బొమ్మని విప్పుతుంది, పెద్దది చేస్తుంది, రంగులు దిద్దుతుంది. కదలిక నున్నగా కనబడాలని రెండు బొమ్మల మధ్య తానే ఒక బొమ్మ తయారుచేసి పెడుతుంది. ఆ మధ్య బొమ్మ తయారవ్వాలంటే రెండో బొమ్మ ముందే చేతిలో ఉండాలి కదా. అందుకని కాసేపు ఆపి పెట్టుకుంటుంది. అంటే టీవీలో తస్వీర్ ఎప్పుడూ కొంచెం లేటే. టీవీ తన సొంత స్పీకర్లకి పంపే ఆవాజ్‌ని కూడా అంతే ఆపి, రెండింటినీ కలిపి వదులుతుంది. అంతవరకు ఖైరియతే.

మనం బయట ఒక డబ్బా తెచ్చి పెట్టగానే ఈ లెక్క తప్పుతుంది. ఆవాజ్ టీవీలోంచి బయటికి వెళ్ళి, సౌండ్‌బార్‌లో మళ్ళీ విప్పబడి, దానికీ ఏవో సింగారాలు జరిగి అప్పుడు గదిలోకి వస్తుంది. బ్లూటూత్ అయితే ఇంకా అన్యాయం. ఆవాజ్‌ని ముక్కలు చేసి, చిన్నగా నొక్కి, గాలిలో పంపి, అవతల మళ్ళీ కలిపి, దారిలో ముక్క తప్పిపోతే ఇబ్బంది లేకుండా కొంచెం నిలవ పెట్టుకుని అప్పుడు వినిపిస్తుంది. సెకనులో పదో వంతు నుంచి పావు వంతు దాకా అక్కడే పోతుంది. పాట వినేవాడికి దానితో పని లేదు, ఎందుకంటే పాటకి పెదవులు లేవు. పెదవులు చూసేవాళ్ళకి అది కయామత్.

ఇంకో రకం ఇళ్ళలో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి ఎర్ర తెల్ల వైర్లు నేరుగా పాత హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్‌కి, బొమ్మ వైరు టీవీకి. ఇక్కడ టీవీ బొమ్మని దిద్దుకుంటూ కూర్చుంటుంది, ఆవాజ్ ముందే వచ్చేస్తుంది. హీరో నోరు తెరవకముందే డైలాగు వినబడుతుంది.

ఈ రెండూ ఒకే జబ్బు కావు, మందూ ఒకటి కాదు. మన మెదడు కూడా రెండింటినీ ఒకేలా చూడదు. ప్రసారాల ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఇచ్చిన సిఫారసులో లెక్కలున్నాయి. ఆవాజ్ ముందొస్తే 45 మిల్లీసెకన్లకే మనిషి పట్టేస్తాడు. వెనకబడితే 125 దాకా పట్టుకోడు. ముందైతే 90, వెనకైతే 185 దాటితే ఇక భరించలేడు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మన టీవీ బొమ్మ సెకనుకి 25 అనుకుంటే ఒక్కో బొమ్మ 40 మిల్లీసెకన్లు.

ఈ తేడా ఎందుకో అరసవల్లి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. రథసప్తమి రోజు మా ఊళ్ళో దారి పొడుగునా మైకు హార్న్‌లు కడతారు. తప్పిపోయిన పిల్లాడి పేరు చదివితే, దగ్గర హార్న్‌లో ఒకసారి, దూరపు హార్న్‌లో ఇంకోసారి, ఒకే పేరు రెండు మూడు సార్లు వినబడుతుంది. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లే నడుస్తుంది, మీటరుకి దాదాపు మూడు మిల్లీసెకన్లు. ఈద్‌గాహ్‌లో ఆఖరి సఫ్‌లో నిలబడితే, మైకు లేనప్పుడు, ఇమాం సాబ్ తక్బీర్ మన చెవిన పడేసరికి ముందు సఫ్ వాళ్ళు అప్పటికే వంగుతూ కనబడతారు. వంద మీటర్ల దూరానికి సెకనులో మూడో వంతు కంటే కొంచెం తక్కువ. అంటే బొమ్మ ముందు, ఆవాజ్ వెనక అనేది దునియాలో రోజూ జరిగేదే, మెదడుకి ఆదత్ ఉంది. ఆవాజ్ ముందు, బొమ్మ వెనక అనేది ఎక్కడా జరగదు. అందుకే దాన్ని మెదడు క్షణంలో పట్టేసి చిరాకు పడుతుంది. అంతెందుకు, మా ఊరి గుడిలో మార్చిలో, అక్టోబరులో స్వామి పాదాల మీద పడే సూర్యకిరణాలని చూడటానికి జనం వస్తారు కదా, ఆ కిరణం సూర్యుడి దగ్గర బయల్దేరి ఎనిమిది నిమిషాలు దాటింది. అక్కడ పోల్చుకోవడానికి రెండోది ఏదీ లేదు కాబట్టి ఎవరికీ తక్లీఫ్ లేదు.

"పెదవులు చూడాల్సిన అవసరం చెవిటివాళ్ళకే కదా" అనేవాళ్ళకి ఒక మాట. హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు 1976లో ఒక చిన్న తమాషా ప్రయోగం అచ్చువేశారు. స్పీకర్‌లో "బ" అనిపిస్తారు, తెర మీద మనిషి నోరు "గ" అంటున్నట్టు కదులుతుంది. చూసే వాళ్ళలో చాలామందికి వినబడేది "ద". చెవులు బాగున్న వాళ్ళకే. కళ్ళు మూసుకుంటే మళ్ళీ "బ". అంటే అందరం సగం కళ్ళతోనే వింటున్నాం. చెవులు బాగున్నవాళ్ళకి ఆ సగం తప్పుగా వస్తే ఊరికే చిరాకు. అమ్మీలాంటి వాళ్ళకి ఉన్నదే ఆ సగం.

అయితే నాకెందుకు కనబడలేదు? మూడు నెలలు నేనూ అదే టీవీ చూశాను కదా.

దీనికి నా దగ్గర ఒక జవాబు ఉంది, కొందరికి నచ్చకపోవచ్చు. మనం తెలుగువాళ్ళం పెదవులకీ మాటకీ సంబంధం లేకపోవడానికి అలవాటు పడిపోయాం. ఆలం ఆరా 1931లో, మన భక్త ప్రహ్లాద 1932లో వచ్చినప్పుడు తెర మీద ఎవరు నోరు కదిపితే వాళ్ళదే గొంతు, వాళ్ళదే పాట. తర్వాత పాట ఒకరిది అయింది, పెదవి ఒకరిది అయింది. ఇంకొన్నాళ్ళకి హీరోయిన్ మాట కూడా ఇంకొకరిది అయింది. ఇప్పుడు తమిళం తెలుగులో, తెలుగు హిందీలో, కొరియా వాళ్ళది అన్నింట్లో. డబ్బింగ్ కళాకారుల హునర్‌ని నేను తక్కువ చేయడం లేదు, పెదవి కలిసే చోట ప-బ-మ వచ్చేలా వాక్యం తిప్పి రాసే వాళ్ళంటే నాకు గౌరవమే. కానీ చూసే మన కన్ను మొద్దుబారింది. మాటా నోరూ కలవకపోతే "డబ్బింగ్‌లే" అనేసి ముందుకెళ్ళిపోతాం. మా అమ్మాయి చేసింది అదే. పైగా అమ్మీ ఆ రాత్రి చూస్తోంది డబ్బింగ్ కాదు, మన తెలుగు న్యూస్.

మా మామూ శ్రీకాకుళంలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేసేవారు. ఆయన దగ్గర ఈ పని చిన్నప్పుడే చూశాను. పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ మీద బొమ్మ పక్కనే సౌండ్ గీత ఉంటుంది. ఆ గీత ఆ బొమ్మది అనుకుంటాం. కాదు. సుమారు ఇరవై ఫ్రేముల అవతలి బొమ్మది. ఎందుకంటే లెన్స్ ముందు ఫిల్మ్ ఒక్కో ఫ్రేమ్ ఆగుతూ ఆగుతూ నడవాలి, సౌండ్ చదివే చోట ఆగకుండా నున్నగా జారాలి. అందుకని సౌండ్ చదివే చోటుని కిందికి పెట్టారు, గీతని ఆ దూరానికి తగ్గట్టు జరిపి ముద్రించారు. మధ్యలో ఫిల్మ్‌ని సరైన కొలతలో వంచి వదిలితేనే మాటా నోరూ కలుస్తాయి. ఆ వంపు పొడుగైతే మాట వెనకపడుతుంది, పొట్టిదైతే ముందుకొస్తుంది. హాల్లో జనం ఈలవేసి "ఆపరేటరూ!" అని అరిచేవాళ్ళు. మామూ తిట్టుకుంటూ సరిచేసేవారు. జనానిదే తప్పని, వాళ్ళ చెవులు పాడయ్యాయని ఆయన ఎప్పుడూ అనలేదు.

మన హోమ్ థియేటర్‌కి థియేటర్ వచ్చింది, ఆపరేటర్ రాలేదు.

సరే, వైజాగ్ నుంచి వచ్చిన రాత్రే మేం చేసిన పని చెబుతాను. ఎవరైనా చేసుకోవచ్చు. మా అమ్మాయి ఎదురుగా నిలబడి చప్పట్లు కొడుతుంటే ఫోన్‌లో మామూలు వీడియో తీశాను. దాన్ని టీవీలో పెట్టి, రెండో ఫోన్‌లో స్లో మోషన్‌లో టీవీని వీడియో తీశాను. సెకనుకి 240 ఫ్రేములు పట్టే ఫోన్ అది. చేతులు కలిసిన ఫ్రేమ్ నుంచి చప్పుడు వచ్చిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాం. 48. అంటే 200 మిల్లీసెకన్లు, సెకనులో అయిదో వంతు. ఆ సిఫారసులో భరించలేనిది అన్న గీతకి కూడా అవతల. మా అమ్మాయి ముఖం చూడాలి. "దాదీ చెప్పింది నిజమే" అంది.

ఫోన్ల లెక్క అక్కర్లేకపోతే అమ్మీ పద్ధతే బెస్టు. న్యూస్ చదివేవాళ్ళని పెట్టండి, స్టూడియోలో నేరుగా మాట్లాడుతున్న వాళ్ళని. డబ్బింగ్ సినిమా, పాట, వీడియో కాల్ పనికిరావు. ప, బ, మ దగ్గర పెదవులు చూడండి. "ప్రభుత్వం", "మంత్రి", "బడ్జెట్" అనకుండా ఏ న్యూసూ ఉండదు. పెదవులు విడిపోయేటప్పుడు శబ్దం రావాలి. విడిపోయాక వస్తే ఆవాజ్ వెనక. కలిసి ఉండగానే వస్తే ఆవాజ్ ముందు. ఈ ఒక్కటి తేల్చుకోకుండా రిమోట్ ముట్టుకోకండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. సౌండ్‌బార్ మెనూలో "ఆడియో డిలే" అనో "ఏవీ సింక్" అనో ఒక నంబరు కనబడగానే పెంచేస్తారు. అది ఆవాజ్‌ని ఇంకా ఆపుతుంది. ముందే వెనకబడిన ఆవాజ్ ఇంకా వెనకబడుతుంది. నేనూ మొదట అదే చేశాను, ఇరవై నిమిషాలు వృథా.

ఆవాజ్‌ని ఆపడం తేలిక, తరమడం కుదరదు. ఆవాజ్ ముందొస్తున్న ఇంట్లో పని రెండు నిమిషాలు. ఆంప్లిఫయర్‌లోనో సౌండ్‌బార్‌లోనో ఆ డిలే నంబరుని పది పది చొప్పున పెంచుకుంటూ పోతే ఒకచోట పెదవి, మాట కలుస్తాయి. లేదా టీవీలో గేమ్ మోడ్ పెడితే బొమ్మ సింగారాలు తగ్గి అదే త్వరగా వస్తుంది.

ఆవాజ్ వెనకబడితేనే సబర్ కావాలి. దారిలో అది ఎక్కడెక్కడ ఆగుతోందో వెతికి, ఒక్కో చోటా తీసేయాలి. మొదట బ్లూటూత్ తీసేయండి. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అనో ఈ-ఏఆర్‌సీ అనో రాసి ఉంటుంది. సౌండ్‌బార్‌లో కూడా అదే రాసి ఉన్న దానికి వైరు కలపాలి, పక్కదానికి కలిపితే ఆవాజే రాదు. ఈ ఏఆర్‌సీ 2009లో వచ్చింది. 2017 నాటి కొత్త ప్రమాణంతో వచ్చిన ఈ-ఏఆర్‌సీలో పెదవి, మాట కలిపే ఏర్పాటు తప్పనిసరి చేశారు. కాబట్టి టీవీ, సౌండ్‌బార్ రెండింటికీ ఈ-ఏఆర్‌సీ ఉంటే సగం గొడవ దానంతట అదే పోతుంది. రెండింటిలో ఒకటి పాతదైతే పోదు. మాకు టీవీ పాతది.

ఆ మర్నాడు నేనూ పక్కింటి అబ్బాయీ టీవీని గోడ మీంచి దింపాం. అదే, ఆ కుర్రాడు తప్పించుకున్న పని. వైరు పెట్టి మళ్ళీ ఎక్కించాం. తేడా 48 ఫ్రేముల నుంచి 27కి వచ్చింది. తర్వాత టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్ డిలే అని ఒకటి ఎప్పుడో ఎవరో పెట్టింది ఉంది, దాన్ని సున్నా చేశాం. అవుట్‌పుట్‌ని డాల్బీ నుంచి పీసీఎంకి మార్చాం. ఇలా చేస్తే ఆవాజ్‌ని సౌండ్‌బార్ మళ్ళీ విప్పే పని తప్పుతుంది. చుట్టూ తిరిగే ఎఫెక్టు కొంత పోతుంది. పోనీ, హెలికాప్టర్ మన నెత్తి మీంచి వెళ్ళకపోతే ఏమైంది. చివరికి సౌండ్‌బార్‌లో సినిమా మోడ్, అది ఇదీ అన్నీ తీసేసి, మాట స్పష్టంగా వినబడే మోడ్ ఒకటే పెట్టాం. లెక్కపెడితే 12 ఫ్రేములు, 50 మిల్లీసెకన్లు. ఆవాజ్ వెనకే ఉంది కానీ ఎవరికీ తెలియనంత వెనక.

అప్పటికీ కలవకపోతే ఇంకో దారి ఉంది. సౌండ్‌బార్‌కి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే సెట్‌టాప్ బాక్స్‌ని నేరుగా దానికే కలిపి, అక్కడి నుంచి బొమ్మని టీవీకి పంపండి. అప్పుడు ఆవాజ్ టీవీలోకి వెళ్ళి తిరిగి రావాల్సిన పని ఉండదు. మరీ ముందొచ్చేస్తే ఆపుకోవడం ఎలాగూ తెలుసు. ఒక్క ఛానల్లోనో ఒక్క యాప్‌లోనో మాత్రమే కలవట్లేదంటే మీ ఇంటి తప్పు కాదు, ఛానల్ మార్చి రండి, యాప్ మూసి తెరవండి. పెన్‌డ్రైవ్‌లో నిఖా వీడియో కలవకపోతే కంప్యూటర్లో వీఎల్‌సీలో పెట్టి జె, కె మీటలు నొక్కండి, నొక్కినప్పుడల్లా ఆవాజ్ 50 మిల్లీసెకన్లు అటో ఇటో జరుగుతుంది. ఫైలు మొత్తం ముందే చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ మాత్రం ఆవాజ్‌ని ముందుకి కూడా తేవచ్చు.

ఇప్పుడు షాపు సంగతి. పేరు అక్కర్లేదు, ఒక్క షాపు కథ కాదిది. వైరు పెట్టాక వెళ్ళి ఆ కుర్రాణ్ణి అడిగాను. "సౌండ్ బాగా వస్తంది కదండీ బాబూ, ఇంకేటి కావాలి?" అన్నాడు. అతని మీద నాకు కోపం రాలేదు. రోజుకి ఎన్ని ఇళ్ళు తిరగాలో, ఒక్కడే నిచ్చెన మోసుకుని. కోపం వచ్చింది అమ్మే పద్ధతి మీద. షాపులో డెమో అంటే బాంబులు పేలే సీను, లేదంటే గుండెలు అదిరే పాట. రెండింట్లోనూ మాట్లాడే ముఖం ఉండదు. కొనేవాడు కొనేది బేస్, ఇంటికెళ్ళాక కావాల్సింది మాట. మీరు ఈసారి షాపుకి వెళ్తే, సిగ్గుపడకుండా న్యూస్ పెట్టమని అడగండి. వైరుతో ఒకసారి, బ్లూటూత్‌తో ఒకసారి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనే తీసుకెళ్ళి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. బిగించడానికి వచ్చిన వాళ్ళు పాట మోగించి వెళ్ళబోతే "కాస్త ఆగు బాబూ" అని న్యూస్ పెట్టి పెదవులు చూపించండి. కలిశాకే సంతకం పెట్టండి. బిగింపుకి తీసుకునే డబ్బులో ఇది కూడా ఉండాలని నా అభిప్రాయం. టీవీ దింపాల్సి వస్తే ఇంకో వంద ఎక్కువ తీసుకున్నా న్యాయమే.

మన వాళ్ళ మీద కూడా ఒక గిలా ఉంది నాకు. గల్ఫ్ నుంచి పిల్లలు డబ్బు పంపుతారు, ఇక్కడ ఉన్నవాళ్ళం వస్తువు కొని పెడతాం, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో వేస్తాం. అక్కడితో ఖిద్మత్ అయిపోయిందనుకుంటాం. ఆ వస్తువు ఎవరి కోసమో వాళ్ళకి పనికొచ్చిందా లేదా అని వారం తర్వాత అడిగే వాడు ఉండడు. మా అమ్మీ తనంతట తాను ఒక్కసారి చెప్పింది. మేం మూడు జవాబులు చెప్పాం. రెండోసారి చెప్పలేదు. కొడుకు పంపిన వస్తువుకి వంకలు పెట్టినట్టవుతుందని ఆగిపోయానని తర్వాత చెప్పింది. జెద్దాలో వాడి మనసు నొచ్చుకుంటుందట.

కొత్త మిషన్ కోసం అప్పు చేయబోయిన డబ్బు మిగిలింది. ఖర్చయింది హెచ్‌డీఎంఐ వైరుకీ, బస్సుకీ, డాక్టరు ఫీజుకీ.

ఆ రాత్రి ఇషా తర్వాత అమ్మీని చేయి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాం. న్యూస్ పెట్టాం. ఏమీ చెప్పలేదు. నాలుగైదు నిమిషాలు ముందుకి వంగి చూసింది. పాత రోజుల్లో వరండాలో పిల్లల నోళ్ళు చూసినట్టే. తర్వాత వెనక్కి జారబడి, "ఈ అమ్మాయి ఫ సరిగ్గా అనట్లేదు. పళ్ళు తగలట్లేదు" అంది. మా ఇంటావిడ లేచి డ్రామా పెట్టింది.

సౌండ్‌బార్‌కి ఇంకో దురలవాటు ఉందని తర్వాత తెలిసింది. కరెంటు పోయి వస్తే సెట్టింగ్ మర్చిపోయి మళ్ళీ సినిమా మోడ్‌కి వెళ్ళిపోతుంది. మా వైపు గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. మొన్న ఆఫీసులో పేజీ వదిలే హడావిడిలో ఉండగా ఫోన్ వచ్చింది. అమ్మీ. సలాం కూడా లేకుండా, "కరెంటు పోయొచ్చింది. మీమ్ లేటవుతోంది. ఎప్పుడొస్తావ్?" అంది.